ల్యాప్‌టాప్ లేచింది.. స్పీడ్ మాత్రం నిద్రలోనే ఉంది!

ఇంట్లో ఒకడు సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ అయ్యాడంటే చుట్టాలందరికీ ఫ్రీ సర్వీస్ సెంటర్ తెరిచినట్టే. బాబాయ్ ఫోన్‌లో వాట్సాప్ బ్యాకప్ నుంచి అత్తయ్య వాళ్ల స్మార్ట్ టీవీ దాకా అన్నీ మన దగ్గరికే వస్తాయి. 'నేను రాసేది కోడ్, ప్రింటర్ సంగతి నాకు తెలీదు మహాప్రభో' అంటే ఎవరూ నమ్మరు. కొన్నాళ్లకి మనకే ఒక పొగరు వచ్చేస్తుంది. ఎదుటివాళ్లు చెప్పేది పూర్తిగా వినకుండానే 'రీస్టార్ట్ చెయ్' అనేస్తాం. చాలాసార్లు అది పనిచేస్తుంది కూడా. పనిచేయని ఒకసారి మా చెల్లి కొంప మునిగింది.

ఈ వారం ఆ కథ చెప్తా. దాంతోపాటు స్లీప్ నుంచి లేచాక మీ విండోస్ ల్యాప్‌టాప్ మొరాయిస్తే ఏది ముందు చూడాలో, ఏది తర్వాత చూడాలో వరసగా చెప్తా. కథ వద్దు, చిట్కాలే కావాలి అనుకునేవాళ్లు కిందికి స్క్రోల్ చేసుకోవచ్చు. కానీ కథలోనే అసలు చిట్కా ఉంది.

'అన్నయ్యా, ఛార్జర్ పీకేస్తే బాగుంటోంది'

మా చెల్లి తణుకులో ఇంటి దగ్గరే ఉండి ఇంజినీరింగ్ చదువుతోంది. ఫైనలియర్. వాడేది నా పాత ల్యాప్‌టాప్. ఆఫీసు వాళ్లు నాకు వేరేది ఇచ్చాక తనకి ఇచ్చేశా. 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ. పాతదే అయినా కోడింగ్ ప్రాక్టీస్‌కి చక్కగా సరిపోతుంది. బ్యాటరీ మాత్రం ముసలిదైపోయింది. ఇరవై నిమిషాలు వస్తే గొప్ప.

కిందటేడు వానాకాలంలో దాని ఛార్జర్ వైరుని ఎలక కొరికేసింది. కంపెనీ ఛార్జర్ ధర చూసి నాకు గుండె గుభేలుమంది. హైదరాబాద్‌లో ఒక చిన్న షాపులో అచ్చం అలాంటిదే 650 రూపాయలకి దొరికింది. స్టిక్కర్ మీద అవే అంకెలు: 19.5 వోల్టులు, 65 వాట్లు. పిన్ను కూడా సరిగ్గా పట్టింది. పార్సిల్ చేసి పంపేశా. రెండు వేలు మిగిల్చానని అమ్మ దగ్గర గొప్పలు కూడా పోయా.

దసరా తర్వాత ఫిర్యాదులు మొదలయ్యాయి. మూత మూసి కాలేజీకి వెళ్లి, సాయంత్రం వచ్చి తెరిస్తే ల్యాప్‌టాప్ నత్త నడక. అక్షరం కొట్టిన రెండు సెకన్లకి స్క్రీన్ మీద పడుతుంది. స్టార్ట్ మెనూ నొక్కి నీళ్లు తాగి రావచ్చు. రీస్టార్ట్ చేస్తే ఒక్కోసారి బాగవుతుంది, ఒక్కోసారి అవ్వదు.

నేను చేసిన వైద్యం చూడండి. మొదటిసారి ఫోన్ చేసినప్పుడు "ఎన్ని ట్యాబులు తెరిచావు?" అని అడిగా. "ఓ ముప్ఫై ఉంటాయి" అంది. "అదీ సంగతి" అని ఫోన్ పెట్టేశా. రెండోసారి స్క్రీన్ షేర్ పెట్టించి టాస్క్ మేనేజర్ చూశా. సీపీయూ 40 శాతం, మెమొరీ 60 శాతం. "సీపీయూ సగానికి పైగా ఖాళీగానే ఉంది. నీకే తొందరెక్కువ" అన్నా. మూడోసారి, సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు, అరిసెలు తింటూ మొత్తం ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్లీ ఎక్కించా. నేనున్న రెండు రోజులూ బ్రహ్మాండంగా నడిచింది. ఎందుకు నడవదు? ఇన్‌స్టాలేషన్లూ అప్‌డేట్లూ అంటూ దాన్ని ఒక్కసారి కూడా స్లీప్‌లోకి పోనివ్వలేదు. నిద్ర లేచాక వచ్చే జబ్బుకి, రోగిని నిద్రపోనివ్వకుండా కూర్చోబెట్టి 'తగ్గిపోయింది' అని సర్టిఫికెట్ ఇచ్చేశానన్నమాట.

బస్సెక్కే ముందు తను ఒక మాట అంది. "అన్నయ్యా, ఒకటి గమనించా. స్లోగా ఉన్నప్పుడు ఛార్జర్ పీకేస్తే వెంటనే బాగుంటోంది."

నేను నవ్వేశా. మామూలుగా అయితే ఛార్జర్ పెడితే స్పీడు పెరగాలి, బ్యాటరీ మీద తగ్గాలి. తను చెప్పేది పూర్తిగా తిరగేసి ఉంది. "ఛార్జర్‌కీ స్పీడుకీ సంబంధం ఏంటే? అదంతా నీ భ్రమ" అన్నా. తను ఇంకేం మాట్లాడలేదు.

ఫిబ్రవరిలో ఒక కంపెనీ ఆన్‌లైన్ కోడింగ్ టెస్ట్ వచ్చింది. మధ్యాహ్నం రెండింటికి స్లాట్. 90 నిమిషాలు, మూడు ప్రశ్నలు. పొద్దున ప్రాక్టీస్ చేసుకుని, మూత మూసి, అన్నం తిని వచ్చి, ఐదు నిమిషాల ముందు తెరిచింది. టెస్ట్ పేజీ లోడవడానికే ఒక యుగం పట్టింది. కెమెరా ఆన్ అవ్వదు. రీస్టార్ట్ కొట్టింది. ఐదు నిమిషాలు పోయాయి, తీరు మారలేదు. అప్పుడు ధైర్యం చేసి ఛార్జర్ పీకేసింది. మెషిన్‌కి ప్రాణం లేచొచ్చింది. బ్యాటరీ ఇచ్చిన పద్దెనిమిది నిమిషాల్లో మొదటి ప్రశ్న పూర్తిచేసి సబ్మిట్ కొట్టింది. ఆ తర్వాత బ్యాటరీ అయిపోవస్తుంటే ఛార్జర్ పెట్టక తప్పలేదు. పెట్టగానే మళ్లీ నత్త నడక. రెండో ప్రశ్న సగంలో ఉండగా టైమ్ అయిపోయింది.

సాయంత్రం ఫోన్‌లో ఏడవలేదు. "ఒక్కటే అయ్యింది అన్నయ్యా. మిగతా రెండూ నాకు వచ్చు" అంది. అంతే. తర్వాతి రౌండ్‌కి పిలుపు రాలేదు.

'నాకు వచ్చు' అన్న ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు.

ఇరవై నిమిషాల్లో దొరికింది

ఆ శుక్రవారం రాత్రే మియాపూర్‌లో బస్సెక్కా. ఆఫీసులో ఏదైనా బగ్ వస్తే మేం మొట్టమొదట చేసే పని, దాన్ని మా కళ్ల ముందు మళ్లీ తెప్పించడం. తెప్పించకుండా ఒక్క లైన్ కోడ్ కూడా ముట్టుకోం. ఇంట్లో మాత్రం నాలుగు నెలలుగా ఆ ఒక్క పనీ చెయ్యలేదు.

ఈసారి ఛార్జర్ పెట్టి, మూత మూసి, టీ తాగి, పది నిమిషాలకి తెరిచా. నత్త నడక. టాస్క్ మేనేజర్ తెరిచి, పర్‌ఫార్మెన్స్ ట్యాబులో సీపీయూ మీద క్లిక్ చేశా. వాడకం 40 శాతమే. దాని పక్కనే 'స్పీడ్' అని ఇంకో అంకె ఉంది. అప్పుడు స్క్రీన్ షేర్‌లోనూ అది అక్కడే ఉండి ఉంటుంది, నేనే చూడలేదు. 0.78 గిగాహెర్ట్జ్. ఆ ప్రాసెసర్ బేస్ స్పీడ్ 1.80. పని పడితే 3 దాకా ఎక్కాలి.

అలాగే చూస్తూ ఛార్జర్ పీకా. 0.78 కాస్తా 2.9 అయింది. పెట్టా. మళ్లీ 0.78. పీకి ఇంకోసారి పెడితే ఈసారి 2.9 అలాగే నిలిచింది. నిద్రపుచ్చి లేపితే మళ్లీ 0.78.

చెల్లి నా వెనకే నిలబడి చూస్తోంది. ఏమీ అనలేదు.

ఈవెంట్ వ్యూయర్ తెరిచి సిస్టమ్ లాగ్‌లోకి వెళ్తే 'కెర్నల్ ప్రాసెసర్ పవర్' పేరు మీద 37 నంబర్ హెచ్చరికలు బారులు తీరి ఉన్నాయి. ప్రాసెసర్ వేగాన్ని ఫర్మ్‌వేర్ అడ్డుకుంటోంది అని వాటి సారాంశం. ఫర్మ్‌వేర్ అంటే విండోస్ కంటే కింద, మదర్‌బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్. అంటే తప్పు ట్యాబులది కాదు, విండోస్‌ది కాదు. నేను నూటొక్కసార్లు ఫార్మాట్ కొట్టినా ఒరిగేదేమీ లేదు.

"ఆన్ చేసేటప్పుడు ఎప్పుడైనా ఏమైనా మెసేజ్ వచ్చిందా?" అని అడిగా.

"అప్పుడప్పుడు నల్ల స్క్రీన్ మీద అడాప్టర్‌ని గుర్తుపట్టలేకపోతున్నాం అని వస్తుంది. ఎంటర్ కొడితే పోతుంది. నీకు చెప్దామనుకున్నా. మళ్లీ నవ్వుతావేమోనని ఊరుకున్నా."

ఛార్జర్‌కీ స్పీడుకీ సంబంధం ఇదీ

కొన్ని బ్రాండ్ల ల్యాప్‌టాప్ ఛార్జర్ పిన్నుని దగ్గరగా చూడండి. గుండ్రటి గొట్టం మధ్యలో సన్నటి సూదిలాంటిది ఉంటుంది. కరెంటు వచ్చేది దాన్లోంచి కాదు. అది ఛార్జర్ ఐడీ కార్డు లాంటిది. 'నేను ఫలానా ఛార్జర్‌ని, 65 వాట్లు ఇవ్వగలను' అని దాని ద్వారానే ల్యాప్‌టాప్‌కి తెలుస్తుంది.

డూప్లికేట్ ఛార్జర్‌లో ఆ ఐడీ చిప్ ఉండకపోవచ్చు, ఉన్నా నాసిరకం కావచ్చు. ఐడీ అందకపోతే ల్యాప్‌టాప్‌కి భయం. 'ఇదెంత కరెంటు ఇవ్వగలదో తెలీదు. ఎక్కువ లాగితే కాలిపోతుందేమో' అని ప్రాసెసర్‌ని అట్టడుగు వేగానికి దించేస్తుంది. చాలా మోడళ్లలో బ్యాటరీ ఛార్జింగ్ కూడా ఆపేస్తుంది. 'ప్లగ్డ్ ఇన్, నాట్ ఛార్జింగ్' అని చూపించేది అందుకే. చెల్లి బ్యాటరీ సరిగ్గా ఎక్కడం లేదని చెప్పినప్పుడు 'పాత బ్యాటరీ కదా' అని అదీ కొట్టిపారేశా. ఛార్జర్ పీకేస్తే ఈ భయం పోతుంది. బ్యాటరీ ఎవరో ల్యాప్‌టాప్‌కి తెలుసు. కాబట్టి స్పీడు తిరిగొస్తుంది. తను చెప్పింది అక్షరాలా నిజం.

మరి స్లీప్‌తో ఏం పని? మా మెషిన్‌లో లేచిన ప్రతిసారీ ఈ ఐడీ చదవడం మళ్లీ జరుగుతోంది, ఆ నాసిరకం ఛార్జర్ అక్కడే తప్పుతోంది. మామూలుగా ఆన్ చేసినప్పుడైతే నల్ల స్క్రీన్ మీద హెచ్చరిక వస్తుంది. స్లీప్ నుంచి లేచేటప్పుడు ఆ స్క్రీనే రాదు, నేరుగా డెస్క్‌టాప్ వచ్చేస్తుంది. అందుకే ఏ హెచ్చరికా లేకుండా, స్లీప్ వల్లే ఇదంతా అన్నట్టు కనిపించింది.

ఇక ఆ 40 శాతం మాయ. విండోస్ చాలా వెర్షన్లలో టాస్క్ మేనేజర్ సీపీయూ శాతాన్ని బేస్ స్పీడుతో పోల్చి లెక్కగడుతుంది. 1.80కి గాను 0.78 దగ్గర కట్టేసిన ప్రాసెసర్, ఊపిరి బిగబట్టి పనిచేసినా 43 శాతం దాటదు. నేను 'ఖాళీగా ఉంది' అనుకున్నది నిజానికి పూర్తిగా అలిసిపోయి ఉంది.

మీ ల్యాప్‌టాప్‌లో కొత్త మోడల్ టైప్-సీ ఛార్జింగ్ ఉందా? అక్కడా ఇలాంటి వ్యవహారమే. ఛార్జర్, ల్యాప్‌టాప్ ముందు మాట్లాడుకుని ఎన్ని వాట్లో ఖరారు చేసుకుంటాయి. 65 వాట్లు కావాల్సిన దానికి 20 వాట్ల ఫోన్ ఛార్జర్ గుచ్చితే కొన్ని నెమ్మదిగా ఎక్కుతాయి, కొన్ని స్పీడు తగ్గించుకుంటాయి, కొన్ని అసలు ఒప్పుకోవు.

అసలు స్లీప్ అంటే ఏంటి?

అందరి సమస్యా ఛార్జరే కాదు. మిగతావి అర్థం కావాలంటే స్లీప్ గురించి రెండు ముక్కలు తెలియాలి.

పాతకాలపు స్లీప్‌ని ఎస్3 అంటారు. ఇందులో ర్యామ్‌కి మాత్రం కొంచెం కరెంటు అందుతుంది, ప్రాసెసర్, డిస్క్, స్క్రీన్ అన్నీ ఆగిపోతాయి. మీరు తెరిచి ఉంచినవన్నీ ర్యామ్‌లో అలాగే ఉంటాయి కాబట్టి మూత తీయగానే వదిలిన చోటే కనిపిస్తాయి.

కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి 'మోడర్న్ స్టాండ్‌బై' ఉంటుంది. దీన్ని ఎస్0 అంటారు. ఇది మీ ఫోన్ స్క్రీన్ ఆపినట్టు. పైకి నిద్ర, లోపల కునికిపాట్లు. నెట్‌కి కనెక్టయి మెయిల్స్, అప్‌డేట్లు చూసుకుంటూ ఉండొచ్చు. బ్యాగులో పెట్టిన ల్యాప్‌టాప్ వేడెక్కి, బ్యాటరీ తగ్గి కనిపిస్తే ఎక్కువసార్లు కారణం ఇదే.

మూడోది హైబర్నేట్. ర్యామ్‌లో ఉన్నదంతా డిస్క్ మీద రాసేసి పూర్తిగా ఆగిపోతుంది. లేవడానికి కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది కానీ మధ్యలో కరెంటు దాదాపు ఖర్చవదు.

మీది ఏ జబ్బో ఇలా తేల్చండి

1. ముందు ఐదు నిమిషాలు ఆగండి. రాత్రంతా పడుకున్న మెషిన్ లేవగానే విండోస్ అప్‌డేట్, యాంటీవైరస్ స్కాన్, ఫైళ్ల ఇండెక్సింగ్, క్లౌడ్ సింక్ అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఐదు, పది నిమిషాల్లో దానంతట అదే సర్దుకుంటే జబ్బేమీ లేదు. సర్దుకోకపోతేనే తర్వాతి మెట్టు.

2. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. పర్‌ఫార్మెన్స్‌లో సీపీయూ స్పీడ్ చూడండి. ఊరికే ఉన్నప్పుడు తక్కువ ఉండటం మామూలే. ఒక వీడియో పెట్టి, నాలుగు యాప్‌లు తెరిచి చూడండి. అప్పుడు కూడా 0.4 దగ్గరో 0.8 దగ్గరో అతుక్కుపోయి ఉంటే మీదీ మా చెల్లి కేసే. ఛార్జర్ పీకి చూడండి. మారితే ఛార్జర్ మీద అనుమానం. అదే మోడల్ ఒరిజినల్ ఛార్జర్ ఫ్రెండ్ దగ్గర ఉంటే అడిగి పెట్టి చూడండి. ఛార్జర్ తీసినా మారకపోతే వేడి మీద, బయాస్ మీద అనుమానం. ఫ్యాన్ గాలి వచ్చే చోట దుమ్ము పేరుకుందేమో చూడండి.

3. స్పీడ్ బాగానే ఉంటే ప్రాసెసెస్ ట్యాబులో డిస్క్, మెమొరీ వరసలు చూడండి. పైన హెడ్డింగ్ మీద క్లిక్ చేస్తే ఎక్కువ తినేది పైకొస్తుంది. డిస్క్ చాలాసేపు 100 శాతం ఉండి, మీది పాత హార్డ్ డిస్క్ అయితే, ఎస్ఎస్‌డీకి మారడమే అసలు మందు. మెమొరీ 85, 90 దాటి ఉంటే ట్యాబుల సంగతి నిజంగానే చూడాలి. క్రోమ్‌లో మెమొరీ సేవర్, ఎడ్జ్‌లో స్లీపింగ్ ట్యాబ్స్ ఆన్ చేసుకోండి.

4. షట్‌డౌన్‌ని నమ్మకండి. 2012లో విండోస్ 8తో ఫాస్ట్ స్టార్టప్ వచ్చింది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నొక్కినా మీ యాప్‌లు మాత్రమే మూసుకుంటాయి. విండోస్ లోపలి భాగాన్ని డిస్క్ మీద దాచి, మర్నాడు దాన్నే తీసుకొస్తుంది. అంటే 'రోజూ షట్‌డౌన్ చేస్తున్నా' అనుకునేవాళ్ల డ్రైవర్లు వారాల తరబడి కొత్తగా మొదలవ్వవు. అనుమానం ఉంటే సీపీయూ పేజీలోనే 'అప్ టైమ్' చూడండి. రాత్రి షట్‌డౌన్ చేసినా అక్కడ పన్నెండు రోజులు అని ఉంటే కారణం ఇదే. రీస్టార్ట్ అలా కాదు, అన్నీ మొదట్నుంచి మొదలవుతాయి. షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కినా పూర్తిగా ఆగుతుంది. వారానికొకసారి రీస్టార్ట్ అలవాటు చేసుకోండి.

5. స్క్రీన్ మాత్రమే ఇబ్బంది పెడుతోందా? లేచాక విండోలు జెర్కులు కొడుతుంటే విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కండి. స్క్రీన్ ఒక్క క్షణం నల్లబడి గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. తెరిచిన ఫైళ్లకి ఏమీ కాదు. దీంతో బాగైతే గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ చేయండి. నెట్ మాత్రమే స్లో అయితే వైఫై ఆపి ఆన్ చేయండి. బాగైతే వైఫై డ్రైవర్ చూడాలి.

6. డ్రైవర్లు, బయాస్ మీ ల్యాప్‌టాప్ తయారుచేసిన కంపెనీ సైట్ నుంచే తెచ్చుకోండి. 'ఒక్క క్లిక్‌తో అన్ని డ్రైవర్లూ' అనే సాఫ్ట్‌వేర్లు వద్దు. బయాస్ అప్‌డేట్ చేసేటప్పుడు బ్యాటరీ నిండా ఉండాలి, ఛార్జర్ పెట్టి ఉండాలి, మధ్యలో ఆపకూడదు. పరీక్ష ముందు రోజు మాత్రం అస్సలు ముట్టుకోవద్దు.

7. మీది ఏ రకం స్లీపో తెలుసుకోవాలంటే కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి పవర్‌సీఎఫ్‌జీ అని ఖాళీ లేకుండా కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ ఏ అని కొట్టండి. ఎస్3 ఉందో ఎస్0 ఉందో చూపిస్తుంది. ఎస్0 అయితే ఏ బదులు స్లీప్‌స్టడీ అని కలిపి కొట్టండి. గత మూడు రోజుల నిద్రలో ఏది ఎంతసేపు మేలుకుని ఉందో రిపోర్టు వస్తుంది. బ్యాగులో పెట్టుకుని తిరిగేవాళ్లు స్లీప్ బదులు హైబర్నేట్ వాడటం మేలు. కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో, పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే చోట, హైబర్నేట్‌కి టిక్ పెడితే మెనూలో కనిపిస్తుంది. ఫాస్ట్ స్టార్టప్ టిక్ కూడా అక్కడే ఉంటుంది.

ఒక హెచ్చరిక. ప్రాసెసర్‌కి వచ్చే 'స్పీడు తగ్గించు' సిగ్నల్‌ని పట్టించుకోకుండా చేసే ఫ్రీ టూల్స్ దొరుకుతాయి. యూట్యూబ్‌లో వీడియోలూ ఉంటాయి. నిజంగానే స్పీడు వచ్చేస్తుంది. కానీ ఆ సిగ్నల్ మెషిన్‌ని కాపాడటానికి పెట్టింది. నాసిరకం ఛార్జర్ పెట్టుకుని ఆ కాపలా తీసేయడమంటే, ఫ్యూజు పదేపదే కొట్టేస్తోందని దాని బదులు లావు తీగ చుట్టడమే.

యూజర్ చెప్పిందే లాగ్ ఫైల్

ఆ శనివారమే ఒరిజినల్ ఛార్జర్ ఆర్డర్ పెట్టా. 2,800 రూపాయలు. నేను మిగిల్చానని గొప్పలు పోయిన డబ్బు కంటే ఎక్కువే. అది వచ్చాక పదిసార్లు నిద్రపుచ్చి పదిసార్లు లేపమన్నా. పదిసార్లూ స్పీడు సరిగ్గా ఉంది. పాతదాని పిన్ను కత్తిరించి పారేయించా, ఇంకెవరూ వాడకుండా.

ఆదివారం రాత్రి బస్టాండుకి తనే స్కూటీ మీద దింపింది. దారిలో అడిగింది: "అన్నయ్యా, మీ ఆఫీసులో కూడా యూజర్లు ఏదైనా చెప్తే ఇలాగే నవ్వుతారా?"

నవ్వుతాం. నిజం చెప్పాలంటే నవ్వుతాం. 'నా మెషిన్‌లో బాగానే ఉంది' అని టికెట్ మూసేయడం మా వృత్తిలో పెద్ద జోక్. 'యూజర్‌కి తెలీదు' అన్నది ఇంకో జోక్. కానీ రోజూ ఆ మెషిన్ ముందు కూర్చునేది యూజరే. ఛార్జర్ పీకితే బాగుంటోందని గమనించడానికి ఇంజినీరింగ్ డిగ్రీ అక్కర్లేదు. కొట్టిపారేయడానికే డిగ్రీ కావాల్సి వచ్చింది.

సోమవారం ఆఫీసుకెళ్లి, 'తెప్పించలేకపోయాం' అని నేను మూసేసిన పాత టికెట్లు ఒకసారి తిరగేశా. మూడు మళ్లీ తెరిచా. అందులో ఒకదాంట్లో యూజర్ రాసిన మూడో వాక్యంలోనే కారణం ఉంది.

చెల్లికి వచ్చే నెల ఇంకో టెస్ట్ ఉంది. ఆ రోజు పొద్దున మెషిన్ రీస్టార్ట్ చేసి, స్లీప్‌లోకి పోకుండా సెట్టింగ్ మార్చి పెట్టుకుంటానంది. 'ఇంకేమైనా చూడాలా అన్నయ్యా?' అని అడిగింది. ఈసారి నేను ఏమీ చెప్పలేదు. 'నువ్వేం గమనించావో చెప్పు, రాసుకుంటా' అన్నా.

మీ ఇంట్లో కూడా ఎవరైనా 'ఇలా చేస్తే బాగుంటోంది, ఎందుకో తెలీదు' అంటున్నారా? నవ్వే ముందు ఒక్కసారి వాళ్ల ఎదురుగా కూర్చుని అదే చేయించి చూడండి. వచ్చే వారం మళ్లీ కలుద్దాం.